కన్ను ఆగే చోటు



మీరు ఇంట్లో కూర్చుని ఈ మాటలు వింటున్నట్లయితే, ఒక్కసారి ఎదురుగా ఉన్న గోడ వైపు చూడండి. ఏముంది అక్కడ? ఒక క్యాలెండరు ఉండొచ్చు. ఒక దేవుడి పటం ఉండొచ్చు. దండ వేసిన పెద్దాయన ఫోటో ఉండొచ్చు. పొలంలోనో, బండి మీదో ఉండి వింటున్నవాళ్ళు మీ ఇంటి గోడను మనసులోకి తెచ్చుకోండి. ఆ గోడ మీద ఎవరున్నారు? ఎంత ఎత్తులో ఉన్నారు? వాళ్ళను చూడాలంటే మీరు మెడ ఎత్తాలా, అక్కర్లేదా?

ఈ పావుగంటా మనం ఇంట్లో పటాలు పెట్టుకోవడం గురించి మాట్లాడుకుందాం. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. ముందే చెప్పేస్తాను, మధ్యలో మళ్ళీ గుర్తుచేస్తాను. కన్ను ఆగే చోటే పటానికి చోటు. ఆ ఇంట్లో మసిలేవాళ్ళ కన్ను రోజూ ఎక్కడ ఆగుతుందో, అక్కడ.

మాది పెదకాకాని. గుంటూరు నుంచి విజయవాడ పోయే దారిలో, మల్లేశ్వరస్వామి గుడి, బాజీబాబా దర్గా ఉన్న ఊరు. ఆదివారం వచ్చిందంటే పొంగళ్ళు పెట్టుకునేవాళ్ళతో, కొత్త బండ్లకు పూజ చేయించుకునేవాళ్ళతో ఊరు నిండిపోతుంది. నేను పుట్టి పెరిగింది ఈ ఊళ్ళో ఒక పెంకుటింట్లో. మట్టిగోడలు, వాటి మీద సున్నం. పండక్కి పండక్కి సున్నం వేసీ వేసీ గోడ అంచులన్నీ గుండ్రంగా తిరిగి ఉండేవి.

ఆ ఇంట్లో పటాలన్నీ దూలాలకు కాస్త కింద, పైన ఎక్కడో ఉండేవి. ఎందుకంత పైన? కింద చోటేదీ మరి? కింద మిరపకాయల టిక్కీలు, పత్తి బోరేలు, ఓ మూల గాదె. నడుం ఎత్తున దీపం గూడు. తల ఎత్తున బట్టల దండెం. పైగా వానాకాలంలో మట్టిగోడ అడుగు నుంచి చెమ్మ లాగేది. ఇవన్నీ పోగా మిగిలిన చోటు పైనే. అందుకని పటాలు పైకెక్కాయి.

పైకెక్కిన పటం కింద నిలబడ్డ మనిషికి సరిగ్గా ఆనదు. పైగా అద్దం మీద వెలుగు పడి మెరుస్తుంది. దానికి మన పెద్దవాళ్ళు ఒక ఉపాయం చేశారు. కింద రెండు మేకులు కొట్టి, పటం అడుగును వాటి మీద కూర్చోబెట్టేవాళ్ళు. పైన ఒక తాడు కట్టి, దాన్ని ఇంకో మేకుకు తగిలించి, కాస్త వదులుగా ఉంచేవాళ్ళు. దాంతో పటం పై అంచు ముందుకు వంగి, మనల్ని చూడ్డానికి తల వంచినట్టు ఉండేది. పాత ఇళ్ళలో పెరిగినవాళ్ళకు ఆ వంపు బాగా గుర్తుండే ఉంటుంది. రాముడూ వంగే ఉండేవాడు, గాంధీగారూ వంగే ఉండేవారు, తాతయ్యా వంగే ఉండేవాడు.

ఆ వంపు వెనక గోడకూ పటానికీ మధ్య ఒక సందు ఏర్పడేది. ఆ సందు పిచ్చుకలది. గడ్డిపరకలు, చీపురు పుల్లలు, పత్తి పింజలు తెచ్చి గూడు కట్టేవి. పటం వెనక నుంచి పిల్లల కిచకిచలు వినబడుతుంటే మా నాయనమ్మ ఆ పటం తుడవనిచ్చేది కాదు. పిల్లలు ఎగిరిపోయాకే దుమ్ము దులపాలి. దసరాకు ఇల్లంతా కడిగినా ఆ ఒక్క పటం మాత్రం మాసిపోయే ఉండేది.

పటం అనే మాటకు మొదట గుడ్డ అని అర్థం. తెలంగాణలో చేర్యాల పటాలున్నాయి. పొడుగాటి గుడ్డ మీద బొమ్మలు వేసి, చుట్టచుట్టి ఊరూరా మోసుకెళ్ళి, విప్పుకుంటూ కథ చెబుతారు. కథ అయిపోగానే పటం చుట్టేస్తారు. అంటే ఒకప్పుడు పటం ఊరికి వచ్చి వెళ్ళేది. మన ఇంటి గోడ మీద స్థిరంగా ఉండేవి ఆడవాళ్ళు వేసిన బొమ్మలే. ఎర్రమట్టి పూసి, దాని మీద సున్నంతో గీతలు, పద్మాలు. పెళ్ళి కుదిరితే వీధిగోడ మీద పెళ్ళికొడుకు పేరు, పెళ్ళికూతురు పేరు రాయించి, అటో చిలక ఇటో చిలక వేయించేవాళ్ళు. ఆ పేర్లు వానకు వెలిసిపోయేలోపు ఆ ఇంట్లో ఒక పిల్లో పిల్లాడో పాకుతుండేవాళ్ళు.

ఇంకా వెనక్కి వెళితే మనకు అమరావతి ఉంది. రెండు వేల ఏళ్ళ నాటి మాట. అక్కడి స్తూపం చుట్టూ పల్నాటి సున్నపురాతి పలకలు నిలబెట్టారు. వాటి మీద కథలు చెక్కారు. ఆ గోడ చుట్టూ ప్రదక్షిణం చేసే మనిషి కంటికి ఎదురుగా బొమ్మలు వచ్చేవి. ఆ పలకల్లో చాలా భాగం ఇప్పుడు చెన్నైలో ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి. కొన్ని లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ అమరావతి రాతి పట్టీల మీద ఒక బొమ్మ మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. మనుషులు వరసగా నిలబడి, అలల్లాగా సాగే ఒక లావుపాటి పూలదండను భుజాల మీద మోస్తుంటారు. మన ప్రాంతంలో పూజ్యమైనదానికి దండ వేయడం అంత పాతది. మనం నాన్న ఫోటోకు దండ వేసినప్పుడు మన చేతులు చేసేది ఈ నేల మీద రెండు వేల ఏళ్ళుగా చేస్తున్న పనే.

సరే, ఇప్పుడు మనం చూసే అద్దం పటాలు ఎప్పుడొచ్చాయి? దానికి కేరళ చిత్రకారుడు రాజా రవివర్మను తలుచుకోవాలి. ఆయన 1894లో బొంబాయిలో అచ్చు యంత్రం పెట్టించాడు. రాతి మీద బొమ్మ గీసి, ఒక్కో రంగుకు ఒక్కో రాయి పెట్టి, ఒకదాని మీద ఒకటి అచ్చు వేసే పద్ధతి అది. అన్ని రంగులూ గీత తప్పకుండా పడితేనే బొమ్మ నిలుస్తుంది. లక్ష్మి, సరస్వతి అలా అచ్చయి దేశమంతా తిరిగారు. కొన్ని ఇళ్ళలో ఆడవాళ్ళు ఆ అచ్చు బొమ్మ చీరకు నిజమైన జరీ ముక్కలు, చెమ్కీలు అతికించి, ఆ తర్వాతే అద్దం వేయించేవాళ్ళు. అచ్చు బొమ్మను తెచ్చి తమ ఇంటి బొమ్మను చేసుకున్నారన్నమాట.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ఆ రోజుల్లో ఎన్నో ఇళ్ళవాళ్ళను గుడి గడప తొక్కనిచ్చేవాళ్ళు కాదు. గర్భగుడిలో దేవుడి ముఖం ఎలా ఉంటుందో చూడకుండానే తరాలు గడిచిపోయాయి. అలాంటి ఇంటికి కొద్ది డబ్బులతో ఒక కాగితం వచ్చింది. దాని మీద దేవుడు ముఖాముఖి చూస్తూ ఉన్నాడు. మధ్యలో ఎవరూ అడ్డం లేరు. అచ్చు పటం చేసిన అతి పెద్ద పని ఇదే అని నేననుకుంటాను. ఈ రోజు అలాంటి ఇళ్ళున్న పేటల్లో నీలం కోటు వేసుకున్న అంబేడ్కర్ గారి పటం గడపలో అడుగు పెట్టగానే కనిపిస్తుంది. పక్కింట్లో ఏసుక్రీస్తు పటం, వాక్యం రాసిన క్యాలెండరు. దర్గా వైపు వెళితే కాబా చిత్రం, ఆయతుల్ కుర్సీ. ఎవరి గోడ వారిది. కానీ అన్ని ఇళ్ళలోనూ వాటిని పెట్టిన చోటు చూడండి. గడప దాటగానే కన్ను ఆగే చోటు.

ఇక క్యాలెండర్లు. కొత్త సంవత్సరానికి ఎరువుల కొట్టు ఆయన ఒకటి, విత్తనాల కొట్టు ఆయన ఒకటి, గుంటూరు యార్డులో కమీషన్ వ్యాపారి ఒకటి ఇచ్చేవాళ్ళు. సంవత్సరం గడిచాక తేదీల కాగితాలు పాలలెక్క రాసుకోవడానికి పోయేవి. బొమ్మ మాత్రం జాగ్రత్తగా కత్తిరించి పటం కట్టించేవాళ్ళు. 1957లో మాయాబజార్ సినిమా వచ్చాక రామారావుగారి కృష్ణుడు కూడా గోడలెక్కాడు. వడ్డాది పాపయ్యగారు చందమామకు, యువకు వేసిన బొమ్మలను పత్రిక నుంచి విప్పి, పిన్నుల గుర్తులు కనబడకుండా మడిచి, అద్దం వేయించుకున్నవాళ్ళు ఎంతమందో. బొమ్మ కింద వ.పా. అన్న రెండక్షరాలు అద్దంలోంచి కనబడాల్సిందే. పత్రిక ధరకు ఒక మంచి చిత్రం ఇంటికొచ్చింది.

బొమ్మలంటే పట్నాలవాళ్ళకే అనుకునేవాళ్ళకు నేను తుమ్మపూడి పేరు చెబుతాను. మనకు దగ్గర్లోనే, దుగ్గిరాల పక్కన, పసుపు చేల మధ్య ఉన్న పల్లెటూరు. సంజీవదేవ్ గారిది ఆ ఊరే. 1914లో పుట్టారు, 1999లో పోయారు. వయసులో ఉండగా హిమాలయాలకు వెళ్ళి, కులూ లోయలో రష్యన్ చిత్రకారుడు నికొలస్ రోరిక్ కుటుంబంతో స్నేహం చేశారు. అంత చూసి వచ్చి, మళ్ళీ తుమ్మపూడిలోనే ఉన్నారు. అక్కడి నుంచే ప్రపంచ చిత్రకళ గురించి రాశారు, తానూ చిత్రాలు వేశారు. ఒక చిత్రాన్ని తీరిగ్గా చూడటం చదువుకున్నంత పని అని మన జిల్లాలో ఒక మనిషి బతికి చూపించారు. తీరిగ్గా చూడాలంటే అది చూపు అందే చోట ఉండాలి. మళ్ళీ ఆ మాట దగ్గరికే వచ్చాం. కన్ను ఆగే చోటే పటానికి చోటు.

ఇప్పుడు మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెబుతాను.

మా నాయనమ్మకు ఉన్నది ఒకే ఒక్క ఫోటో. గుడికి పొంగలి పెట్టుకోవడానికి వెళ్ళిన రోజున తీయించుకున్నది. చెక్క కుర్చీలో కూర్చుని ఉంటుంది. ఎడమ చెయ్యి మోకాలి మీద. కుడి చెయ్యి గుప్పిట మూసి ఒళ్ళో. తెలుపు నలుపు ఫోటో. అది పదేళ్ళకు పైగా మా నట్టింట్లో దూలం కింద వంగి ఉంది.

1977 నవంబరులో ఉప్పెన వచ్చింది. దివిసీమను ముంచేసిన ఉప్పెన. ఆ గాలికి మా ఊళ్ళోనూ పెంకులు లేచిపోయాయి. రాత్రంతా నట్టింటి గోడ మీదుగా నీళ్ళు కారాయి. తెల్లవారి చూస్తే పటంలోకి నీళ్ళు దిగి ఉన్నాయి. నాకు అప్పుడు పద్నాలుగేళ్ళు. ఫోటో పాడైపోతుందేమోనని భయపడి, ఎవరికీ చెప్పకుండా పటం దింపి, వెనక అట్టకు కొట్టిన సన్న మేకులు పట్టకారుతో ఒక్కొక్కటే లాగేశాను. అట్ట తీశాను. ఫోటో మూల పట్టుకుని పైకి లాగాను. చిన్నగా ఒక చప్పుడయింది. నాయనమ్మ చెంప, బొట్టు, ఒక కన్ను అద్దానికే ఉండిపోయాయి. కాగితం మీద ఆ చోట తెల్లగా ఉంది.

నాన్న వచ్చి చూశాడు. ఏమీ అనలేదు. అద్దాన్ని నా చేతిలోంచి తీసుకుని, బల్ల మీద పెట్టి, దాని మీద ఫోటోను మెల్లగా జరుపుతూ, చెంప అంచుకు చెంప అంచు కలిసేదాకా చూశాడు. కలిసింది. మళ్ళీ అట్ట పెట్టి, మేకులు కొట్టి, పైన తగిలించాడు. ఇప్పటికీ మా నాయనమ్మ ముఖం సగం కాగితం మీద, సగం అద్దం మీద ఉంది. రెండూ కలిస్తేనే ఆమె.

అలా ఎందుకైందో పెద్దయ్యాక తెలుసుకున్నాను. ఆ రోజుల ఫోటో కాగితం మీద జిగురులాంటి సన్నని పొర ఉంటుంది. బొమ్మంతా ఆ పొరలోనే ఉంటుంది. చెమ్మ తగిలితే అది మెత్తబడుతుంది. అద్దానికి ఆనుకుని ఉంటే అతుక్కుపోతుంది. అందుకని, అమ్మా, అయ్యా, ఫోటో పటం కట్టించేటప్పుడు షాపులో ఒక్క మాట అడగండి. ఫోటోకూ అద్దానికీ మధ్య, చుట్టూరా అట్ట మౌంటు వేయమనండి. వడ్లగింజ మందం ఖాళీ ఉంటే చాలు. ఆ ఖాళీ మీ పెద్దవాళ్ళ ముఖాన్ని కాపాడుతుంది.

ఇప్పటికే అతుక్కుపోయి ఉందా? లాగొద్దు. మళ్ళీ చెబుతున్నాను, లాగొద్దు. అద్దంతోనే ఉంచి, పగటి వెలుతురు పక్క నుంచి పడేలా పెట్టి, ఫ్లాషు లేకుండా సెల్‌ఫోనుతో ఫోటో తీయండి. దాన్ని ప్రింటు వేయించి ఆ కాపీని గోడకు పెట్టండి. అసలు ఫోటోను ఎండా చెమ్మా తగలని చోట దాచండి.

ఎండ మాట కూడా చెప్పాలి. మన రోహిణి కార్తె ఎండ సంగతి మీకు చెప్పేదేముంది! పడమటి కిటికీలోంచి సాయంత్రం ఎండ సూటిగా పడే గోడకు పటం పెట్టకండి. పాత రంగుల పెళ్ళి ఫోటోలు కొన్ని ఎర్రబారి ఉంటాయి, చూశారా? ఆ రోజుల రంగుల్లో నీలం ఛాయ ముందు పోతుంది, ఎరుపు మిగిలిపోతుంది. వేడి దాన్ని ఇంకా తొందర చేస్తుంది. అలాగే స్నానాలగదికి ఆనుకున్న గోడ కూడా వద్దు. తప్పదనుకుంటే పటం వెనక నాలుగు మూలలా చిన్న రబ్బరు బిళ్ళలు అతికించండి. గోడకూ పటానికీ మధ్య గాలి ఆడుతుంది. వెనకటి రోజుల్లో పటం వంపు చేసిన పని అది కూడా.

ఇప్పుడు మనవి స్లాబు ఇళ్ళు, ఇటుక గోడలు. గోడ పైనున్న ప్లాస్టరింగు సన్నగా ఉంటుంది. ఒట్టి ప్లాస్టరింగులో కొట్టిన మేకు నాలుగు రోజులకు ఊడొస్తుంది. డ్రిల్లింగు మిషనుతో ఇటుకలోకి దిగేదాకా బెజ్జం వేయించి, ప్లగ్గు పెట్టి, స్క్రూ బిగించాలి. పటానికి ఒక కొక్కెం కంటే రెండు మేలు, పక్కకు ఒరగదు. ఒక్క జాగ్రత్త మాత్రం మరిచిపోకండి. స్విచ్చిబోర్డుకు నిటారుగా పైన గానీ, కింద గానీ బెజ్జం వేయకండి. కరెంటు తీగల గొట్టం సాధారణంగా ఆ దారినే పోతుంది.

ఇక ఎత్తు. అసలు సంగతి ఇదే. చాలా మ్యూజియాల్లో బొమ్మ నడిమిభాగం నేల నుంచి దాదాపు నాలుగడుగుల తొమ్మిదంగుళాల ఎత్తున ఉండేలా పెడతారు. నిలబడ్డ మనిషి చూపు అక్కడికి వస్తుందని. కానీ మనం ఇంట్లో ఎంతసేపు నిలబడి ఉంటాం? కూర్చుంటాం, పడుకుంటాం. మంచం మీద కూర్చున్న ముసలావిడ కన్ను మూడున్నర, నాలుగడుగుల మధ్య ఉంటుంది. అందుకని కొలత టేపుతో మొదలుపెట్టకండి. మీ ఇంట్లో ఎవరు ఎక్కువసేపు ఎక్కడ కూర్చుంటారో అక్కడ కూర్చోండి. తల ఎత్తకుండా, దించకుండా ఎదురుగా చూడండి. చూపు ఎక్కడ ఆగితే అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టండి. కన్ను ఆగే చోటే పటానికి చోటు.

ఈ సంగతి నాకు నేర్పింది మా నాన్న. పెద్దతనంలో తుంటి ఎముక విరిగి మంచం పట్టాడు. అప్పటికి పెంకుటిల్లు తీసేసి డాబా కట్టుకున్నాం. పటాలను మాత్రం పాత అలవాటు కొద్దీ తలుపు పైనే, అందనంత ఎత్తున పెట్టాం. ఆయన మంచం మీద పడుకుని, పొద్దున్నే మెడ వెనక్కి వంచి పైకి చూస్తూ ఉండేవాడు. ఏం చూస్తున్నాడో తెలియడానికి నాకు వారం పట్టింది.

ఆ రోజే నాయనమ్మ పటం దింపి, మంచానికి ఎదురుగా, ఆయన దిండుకు ఆనుకుని కూర్చుంటే సూటిగా కనబడేలా పెట్టాను. ఆయన చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను అడిగాడు. "అమ్మ కుడి గుప్పిట్లో ఏముందో తెలుసా నీకు?"

చిన్నప్పటి నుంచీ ఆ ఫోటో చూస్తూనే ఉన్నాను. పటం విప్పిందీ నేనే. ఆ గుప్పిట గురించి ఎప్పుడూ ఆలోచించలేదు.

"ఫోటో ఆయనకు ఇవ్వాల్సిన డబ్బులు. జనంలో ఎక్కడ పడిపోతాయోనని గుప్పిట విప్పలేదు. ఫోటో తీసేటప్పుడు కూడా విప్పలేదు. నేను పక్కనే ఉన్నా, బొమ్మలో పడలేదు. ఇద్దరం కూర్చుంటే ఎక్కువవుతుందన్నారు."

ఆ మాట చెప్పాక ఆయన ఇంకో ఏడాది ఉన్నాడు. రోజూ పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని ఆ పటం వైపే కూర్చునేవాడు.

ఇప్పుడు ఆయన ఫోటో కూడా ఆ గోడ మీదే ఉంది. నాయనమ్మ కుర్చీకి కుడి పక్కన, అదే ఎత్తులో, ఆ రోజు బొమ్మలో పడకుండా నిలబడిన వైపు. ఆయన ఫోటోకు మౌంటు వేయించాను.

మీ ఇంట్లో కూడా పైన ఎక్కడో ఒక పటం ఉండే ఉంటుంది. అటక మీద గుడ్డలో చుట్టినదైనా ఉండి ఉంటుంది. ఈ సాయంత్రం దాన్ని కిందికి దించండి. దుమ్ము తుడవండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళ చేతికివ్వండి. వాళ్ళేం చెబుతారో వినండి. ఆ తర్వాత గోడకు పెట్టండి.